ఆవిరిలో దాగిన వేడి

"ఒక గ్రాము నీళ్లు ముప్ఫై డిగ్రీల నుంచి మరిగే దాకా రావడానికి డెబ్బై కేలరీలు," అంది కూతురు పెన్సిల్ చివర కొరుకుతూ. "మరిగిన ఆ నీళ్లే ఆవిరి కావడానికి ఇంకో అయిదు వందల నలభై. సరిపోయిందా నాన్నా?"

లాండ్రీలో ఏళ్ల తరబడి బాయిలర్ చూసుకుంటున్న సూపర్‌వైజర్ తల ఊపబోయి ఆగాడు.

"ఆవిరి చెయ్యడానికే అంత కావాలా?"

"అవును. ఆ వేడంతా ఆవిరిలోనే దాక్కుని ఉంటుంది. ఒంటికి తగిలి నీళ్లవగానే మొత్తం వదిలేస్తుంది. అందుకే సలసల కాగే నీళ్లకంటే ఆవిరి ఎక్కువ కాలుస్తుందట."

ఆ ఉదయమే లాండ్రీలో పైపు అతుకు దగ్గర ఆవిరి చిమ్మి, ఇస్త్రీ చేసే ఆవిడ కుడి ముంజేయి కాలింది. ఆస్పత్రికి వెళ్లొస్తానని ఆవిడ అడిగితే, "వేణ్ణీళ్లేం పడలేదుగా, వట్టి ఆవిరేగా. పని చూడు," అని ఆయనే కసిరాడు. ఆవిడ సాయంత్రం దాకా ఎడమచేత్తోనే ఇస్త్రీ చేసింది.

చెప్పులు వేసుకుని గబగబా బయటికి నడిచాడు.

తలుపు తీసిన ఆవిడ ఆయన్ని చూడగానే బొబ్బలెక్కిన చేతిని కొంగులో దాచుకుంది.

"రేపు పని మానెయ్యనండీ సార్. ఎడమచెయ్యి బాగానే ఉంది."

ఆయన తల దించుకున్నాడు.

"బండి తెచ్చాను. ఆస్పత్రికి వెళ్దాం పదమ్మా."

"ఇప్పుడా సార్?"

"పొద్దున్నే తీసుకెళ్లాల్సింది," అన్నాడు.