పక్క సీటు తల్లి

"ఇక చివరి పిల్ల వస్తోంది," అంటూ వెర్నా మాక్‌ఐజాక్ పక్క సీట్లోని ఆవిడ చేతిలో కాఫీ కప్పు బలవంతంగా పెట్టింది. "తాగమ్మా. నీ చేతులు కింద ఆ మంచుకంటే చల్లగా ఉన్నాయి."

ఆవిడ కప్పు పట్టుకుందే గానీ తాగలేదు. హాలిఫాక్స్‌లో జాతీయ స్కేటింగ్ పోటీల ఆఖరి రోజది. ఈసారి ఒలింపిక్స్‌కు కెనడా ఆడపిల్లల్లో ఒక్కరికే చోటు. అప్పటిదాకా ఆడినవాళ్ళలో మానిటోబా పిల్ల అన్‌లీజ్ ఫ్రీసెన్ ముందుంది. ముందున్నవాళ్ళు మంచు పక్కన వేసిన కుర్చీలో కూర్చుని, తమను కిందికి లాగబోయే వాళ్ళ ఆట చూడాలి. కెమెరా మొహం మీదే ఉంటుంది కాబట్టి నవ్వుతూ చప్పట్లు కూడా కొట్టాలి. ఎవరు పెట్టారో గానీ పాడు రివాజు. అన్‌లీజ్ ఆ కుర్చీలో కూర్చుని నవ్వుతోంది. ఇక మిగిలింది మాంక్టన్ పిల్ల మేవ్ డూసెట్ ఒక్కతే.

వెర్నా నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఆమె ఎన్నడూ తప్పని నియమం ఒకటుంది. పోటీ జరుగుతుండగా పక్కనున్న తల్లిని "మీ పిల్ల ఎవరు?" అని అడగదు. అడిగితే ఆ పిల్ల పడిపోతుందని స్కేటింగ్ తల్లులందరి నమ్మకం. వెర్నా కూతురు ఆడే రోజుల్లో ఎవరో తెలియక అడిగారు. పిల్ల పడింది, మోకాలు పోయింది, ఆట అక్కడితో సరి.

అయినా అడగాల్సిన పనేముంది, చూస్తే తెలియడంలా? ఈవిడ ఇందాకటి పిల్లలు ఆడుతున్నంతసేపూ బయట వరండాలో పచార్లు చేసి ఇప్పుడే వచ్చి కూర్చుంది. డోనట్ ఇస్తే ముట్టలేదు. పాత స్వెటర్ తిరగేసి తొడుక్కుంది, అదీ అదృష్టం కోసమే. మైకులో మేవ్ పేరు వినబడగానే మొహంలో నెత్తుటి చుక్క లేదు.

తల్లికి ధైర్యం చెప్పాలంటే ఎదుటి పిల్లను నాలుగు మాటలనడమే దగ్గరి దారని వెర్నా అనుభవం.

"ఆ ఫ్రీసెన్ పిల్ల ఆట నువ్వు చూడలేదుగా, బతికిపోయావు. కర్ర మింగినట్టు తిరిగింది. పాట ఎటో, తనెటో. ఇరవయ్యారేళ్ళొచ్చాక ఇంకా పట్టుకుని వేలాడ్డమెందుకు? చిన్నవాళ్ళకు దారివ్వొద్దూ?"

ఆవిడ మొహం చిన్నబోయింది. "తనకిదే ఆఖరి అవకాశమండీ," అంది మెల్లగా. "కాలు విరిగి ఏడాదిపాటు మంచాన పడి, మళ్ళీ మొదటినుంచీ నేర్చుకుంది."

వెర్నా ముచ్చటపడిపోయింది. పోటీకి నిలిచిన పిల్ల మీద కూడా జాలిపడే తల్లిని ఆమె ఇంతవరకూ చూడలేదు. ఆ రోజుల్లో తానైతే ఎదుటి పిల్ల పడితే బాగుండునని లోపల దేవుడికి దండాలు పెట్టుకుని, పైకి మాత్రం 'అయ్యో' అనేది.

"నీది వెన్నలాంటి మనసు తల్లీ. కానీ అక్కడ జాలికి మార్కులు వెయ్యరు."

పాట మొదలైంది. మేవ్ మొదటి దూకు అవలీలగా దూకేసి, రెండోదాని కోసం వెనక్కి జారుతూ వేగం పెంచింది. అసలు గండం అదే.

"నిన్న ప్రాక్టీసులో దీని దగ్గరే పడింది," అంది ఆవిడ. "అదీ ఒక్కసారి కాదు."

అలాంటి మాటలు నోట రానివ్వకూడదని వెర్నా మందలించింది. ఆవిడ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. "పడదు. నేను చెబుతున్నానుగా, చచ్చినా పడదు."

ఆవిడ కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఒక్కరి మొక్కుకంటే ఇద్దరి మొక్కు గట్టిదని వెర్నా కూడా తలవంచి దేవుణ్ణి తలుచుకుంది. మేవ్ గాల్లోకి లేచింది, గిర్రున తిరిగింది, ఒంటికాలి మీద తొణక్కుండా దిగింది. హాలంతా హోరెత్తింది. ఆవిడ గొంతులోంచి మూలుగులాంటిదేదో వచ్చింది.

"దిగింది," అంది కళ్ళు తెరిచి.

"దిగదూ మరి? చెప్పానా లేదా?"

ఇక ఆ పిల్లను ఆపేవాళ్ళు లేకపోయారు. పాట ఆగేసరికి జనం లేచి నిలబడ్డారు, బొమ్మలూ పూలూ మంచు మీద వానలా కురిశాయి. ఆవిడ కూడా లేచి చప్పట్లు కొట్టింది. కొడుతున్నంతసేపూ కన్నీళ్ళు ధారగా కారుతూనే ఉన్నాయి. అది చూసి వెర్నాకూ ఏడుపొచ్చింది. తన కూతురికి ఇలాంటి రోజు రాలేదు. వచ్చినవాళ్ళ పక్కనైనా కూర్చోగలిగానని ఆమె మనసారా సంతోషించింది.

మార్కులు వచ్చాయి. అర మార్కు తేడాతో మేవ్ మొదటి స్థానం. వెర్నా ఆవిణ్ణి వాటేసుకుని వీపు నిమిరింది.

"ఏడువమ్మా, తనివితీరా ఏడు. అర మార్కయితేనేం, ఒలింపిక్స్ ఒలింపిక్సే. పాపం ఆ ఫ్రీసెన్ తల్లి ఎక్కడుందో గానీ, ఇవాళ ఇంటికెళ్ళి తలుపేసుకోవాల్సిందే." ఆ మాటకు తనే పకపకా నవ్వింది.

ఆవిడ నవ్వలేదు. "బాగా ఆడిందండీ," అంది. "తనకే రావాలి."

ఎంత అణకువ అనుకుంది వెర్నా. పోటీ అయిపోయింది, ఇక అడిగినా దోషం లేదు. అడక్కపోయినా తను మొదట్లోనే కనిపెట్టేశానని గొప్పగా చెప్పుకుంది. ఆవిణ్ణి భుజం పట్టి మెట్లవైపు తిప్పింది.

"ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? కిందికి వెళ్ళు తల్లీ. పిల్ల నీకోసం వెతుక్కుంటుంది."

ఆవిడ స్వెటర్ చేతితో కళ్ళు తుడుచుకుని, వెళ్ళొస్తానన్నట్టు తలూపింది.

"మా అమ్మాయి ఇంకా ఆ కుర్చీలోనే ఉందండీ."