సత్యవేణి చెప్పిన కబురు

“మీకు హెచ్ఐవీ లేదండీ, సత్యవేణి గారూ,” అంది కౌన్సిలర్ సూర్యకళ, గది తలుపు దగ్గరగా వేసి.

రావులపాలెం లారీల స్టాండులో ఒళ్లమ్ముకుని పదేళ్లుగా బతుకుతున్న సత్యవేణిని ఇంతవరకు ఎవరూ ‘గారూ’ అనలేదు. రాజమండ్రి ఆసుపత్రిలోని ఈ గదిలో మాత్రం మొగుడెవరని అడగలేదు. తాగొచ్చినవాడిచేత కూడా నిరోధ్ ఎలా వాడించాలో ఓపిగ్గా నేర్పారు.

“నిరోధ్ మాత్రం మానకండి. మూడు నెలలకి మళ్లీ పరీక్షకి రండి. ముందు వెళ్లి మీవాళ్లకి చెప్పండి, సంతోషిస్తారు.”

సత్యవేణి లేవబోయి ఆగిపోయింది. తల్లి పోయింది. అన్న గుమ్మం తొక్కనివ్వడు. స్టాండులో చెబితే, అసలు పరీక్షకెందుకు వెళ్లావంటారు.

“ఎవరికి చెప్పనండి?”

సూర్యకళ మొహం చిన్నబోయింది. కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

“నాకు చెప్పండి.”

“మీకు తెలుసు కదండీ!”

“తెలియదనుకోండి.”

సత్యవేణి కొంగు సర్దుకుంది. “నాకు... నాకు ఆ జబ్బు లేదంటండి.”

“అమ్మయ్య! ఎంత చల్లటి మాట చెప్పారండీ!” అంటూ సూర్యకళ ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

పరీక్ష భయంతో వారం రోజులుగా బిగబట్టుకున్న ఏడుపు సత్యవేణికి అప్పుడు వచ్చింది.