కుడి దిక్కు ఈల

పల్లీల కొట్టు ముందు ఆడుకుంటున్న వర్షిత వీపుకు ఎవరో ముసలాయన చెవి ఆనించి వింటున్నాడు.

జ్ఞానేశ్వర్ జల్లెడ పక్కన పెట్టి గల్లాపెట్టె ముందు నుంచి దిగాడు.

చేవెళ్లలో ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్నాడు. మూడేళ్ల మనుమరాలు వర్షిత నోట్లో తొలి వాయి పల్లీలు నాలుగు పడితేనే ఆయనకు బోణీ. ఇంకొకరు ఆ పిల్లను తాకితే ఊరుకోడు.

"ఎవరు పెద్దమనిషీ? పిల్లతోని ఏం పని?"

"దగ్గు ఎన్ని దినాలైంది సేటూ?"

వారమైంది. దుమ్ముకు వచ్చిన ఉబ్బసమని వీధి చివరి క్లినిక్‌లో మందిచ్చారు. అది ఈయనకెందుకు చెప్పాలి?

ముసలాయనే చెప్పాడు. "ఉబ్బసమైతే రెండు దిక్కులా ఈల వినిపిస్తది. నిమ్ము చేరితే నీ కడాయిల ఉప్పు చిటపటలాడినట్టుంటది. గీ పిల్లకు కుడి దిక్కే ఈల ఉన్నది. లోపల ఏదో ఇరికింది. పట్నం దవాఖానకు తీస్కపో."

జ్ఞానేశ్వర్‌కు లెక్క తేలిపోయింది. దవాఖానలకు కేసులు పట్టిచ్చే ఏజెంట్లు మొయినాబాద్ రోడ్డంతా తిరుగుతున్నారు.

"నన్ను తోలితే నీకేమిస్తరు?"

"నాకు వచ్చేదేం లేదు సేటూ."

"ఏం రానిదానికి గింత ఎండల తిరుగుతవా?"

ముసలాయన నొచ్చుకోలేదు. కనకమామిడి అనంతయ్యనని చెప్పి, బస్సెక్కేదాకా వెనక్కి తిరిగి పాపనే చూశాడు. జ్ఞానేశ్వర్ అనుమానం రెట్టింపయింది. ఆ రోజు నుంచి పిల్లను కొట్టు గడప దాటనివ్వలేదు.

ఇరవై రోజులకు జ్వరం, ఎగశ్వాస. పట్నంలో గొట్టం వేసి కుడి ఊపిరితిత్తిలోంచి పల్లీ బద్ద తీశారు.

బోణీ పల్లీ.

పాప బతికింది. ఊపిరితిత్తి కింది భాగం మాత్రం పాడైంది. ముందే ఎవరూ విని చెప్పలేదా అని డాక్టరమ్మ అడిగింది.

పాప ఇల్లు చేరాక, జ్ఞానేశ్వర్ తొలి వాయి పల్లీలు సంచిలో పోసుకుని కనకమామిడి వెళ్లాడు. అనంతయ్య ఇంటికి తాళం ఉంది. పక్కింటి శాంతమ్మ, ఆయన పోయి పదకొండు రోజులైందని చెప్పింది. జ్ఞానేశ్వర్ పాప దగ్గు సంగతంతా చెప్పి అడిగాడు.

"పిల్లలంటే గంత పానమా అవ్వా ఆయనకు?"

"యాడ పిల్లల దగ్గు వినబడ్డా బస్సు దిగేటోడు. ఏడేండ్ల కింద నా మనుమడు గిట్లనే దగ్గిండు. చింతగింజ ఇరికిందని తెల్వక, ఉబ్బసమని నెల దినాలు మందిచ్చిండొక డాక్టరు. పిల్లగాడు దక్కలే."

"ఆ డాక్టరు ఇప్పుడేడున్నడు?"

శాంతమ్మ తాళం వైపు చూసింది.

"నువ్వు ఎతుక్కుంట వచ్చింది ఆయన్నే బిడ్డా."