పొద్దు కుంకని దీవి

చాటలో పోసిన జొన్నపిండిని ఓదెలు వేళ్లతో జరిపి, నడుమ చిన్న గుట్ట చేశాడు.

"ఇది నల్లరాతి గుట్ట అమ్మా. పైన ఎప్పుడూ మంచే."

"చుట్టూ?" అంది ఆలంబీ.

"సముద్రం. ఒక్క పూట నడిస్తె దీవంత చుట్టి రావొచ్చు. మనిషి లేడు, చెట్టు లేదు. పిట్టలే పిట్టలు. ఎండకాలంల పొద్దు కుంకదు. గుట్ట చుట్టూ తిరుగుతనే ఉంటది."

ఆలంబీ కళ్లు మూసుకుంది. ముఖం మీద సన్నని నవ్వు.

"చలికి నా నూరుద్దీన్ మీద కప్పెటందుకు ఏమన్న ఉన్నదా బిడ్డా?"

"నాచున్నది. దుప్పటంత మందం."

గుమ్మంలో నిలబడి వింటున్న ఆలంబీ తమ్ముడు ఫజలుద్దీన్‌కు ఒళ్లు మండింది.

మేనల్లుడు నూరుద్దీన్ ఓడలో బొగ్గు వేసేవాడు. యుద్ధంలో ఆ ఓడ ఉత్తరాన మంచు సముద్రంలో మునిగి ఏళ్లు గడిచాయి. ఈమధ్య ఎక్కడినుంచో ఈ ఓదెలు పటాన్‌చెరులో దిగాడు. నూరుద్దీన్‌తో కలిసి పనిచేశానన్నాడు. పగలు బొంబాయి సడక్ మీద కంకర కొట్టడం, సాయంత్రం అక్క పెట్టే రొట్టె తిని దీవి ముచ్చట్లు చెప్పడం, రాత్రికి వసారాలో పడుకోవడం.

కొడుకు బతికే ఉన్నాడనుకుని అక్క పిచ్చిదైపోతుందని ఫజలుద్దీన్ భయం. మంచివాడే, కాకపోతే తొందర మనిషి.

మరునాడు ఆలంబీ పిండిగిర్నికి పోగానే ఓదెలును పట్టుకున్నాడు.

"సచ్చిన పిల్లగాని మీద ఆశ పెడ్తవా? రొట్టెల కోసమేనా గిదంత?"

ఓదెలు బట్టల మూట తీసుకున్నాడు.

"అమ్మకు చెప్పి పోత."

"ఏం అక్కర్లేదు. నడువ్ జల్దీ!"

దగ్గరుండి, ముందొచ్చిన బస్సెక్కించాడు.

ఆలంబీ వచ్చి ఖాళీ వసారా చూసింది.

"పంపించేసిన ఆపా. నూరుద్దీన్ ఇంక లేడు. నువ్వు నమ్మాలె."

ఆమె పిండి మూట కింద పెట్టింది.

"ఆ సంగతి ఓదెలు మొదటిరోజే చెప్పిండు ఫజలూ. నా కాళ్లు పట్టుకుని ఏడ్సిండు."

"మరి రోజూ ఆ ముచ్చట్లేంది?"

"నా బిడ్డ పండుకున్న జాగ నేనెట్ల సూడాలె? ఆయన చెప్తుంటె కండ్లు మూసుకుని పోయొచ్చేదాన్ని."

ఫజలుద్దీన్ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"తీస్కొస్త ఆపా. ఏ ఊరు ఆయనది?"

"ఎన్నడూ అడగలే."

ఆలంబీ ఇక ఏడుపు ఆపుకోలేదు.

"గా దీవికి పానంతోని చేరింది ఇద్దరే ఫజలూ. నీ మేనల్లుడు కన్ను మూస్తే, జనాజా మొయ్య నలుగురు లేక, వీపు మీద ఎత్తుకపోయి మట్టి చేసింది ఆయనొక్కడే."