గంగారాం కడుపు, మక్కకంకులు

ఇందుమూలంగా ఈ ఎడారి దేశపు హమ్రియాలోని మా కూలీల రూమ్ జనానికి తెలియజేయునది ఏమనగా, గంగారాం కడుపు తగ్గుటకై నేటి నుండి రెండు పూటలా ఉడికిన మక్కకంకులు తినబడును.

నెల కిందట మా రూమ్ గోడకు అంటించిన నోటీసు ఇది. కారణం చిన్నది కాదు. తొంభై కిలోలు దాటినవాడు పరంజా ఎక్కరాదని కంపెనీ కొత్తగా రూలు పెట్టింది. నెలాఖరుకు తూకం. బరువు తగ్గనివాడికి ఇంటికి టికెట్టే.

గంగారాం నిష్ఠగా కంకులు తిన్నాడు. నెల తిరిగేసరికి మూడు కిలోలు పెరిగాడు.

వంట చూసే లచ్చన్నకు అనుమానం వచ్చింది.

"ఏం తింటున్నవ్‌రా నువ్వు?"

"మక్కలే లచ్చన్నా."

"మరి అన్నం?"

"అన్నం తిన్నంకనే మక్కలు. ఉత్త కంకులతోని కడుపు నిండుతదా? మనూర్ల చేనుకాడ కంకులు కాల్చుకతిని, ఇంటికొచ్చి మళ్ల బువ్వ తినకపోదుమా?"

లచ్చన్న గరిటె కింద పెట్టాడు. "అన్నం బదులు తినాలెరా, అన్నం మీద కాదు."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా?"

రూమంతా పడీపడీ నవ్వింది. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

రేపు పొద్దున్నే మేం పనిచేసే అజైబా సైట్‌లో తూకం. గంగారాం ఈరోజు మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఇంటినుంచి ఫోన్ వస్తే ఎత్తలేదు. ఒక్క పూట పస్తుకు ఏ కడుపు కరుగుతుంది?

చదివి మీరూ నవ్వుకోండి, నవ్వించడానికే రాశాను. ఇందులో కల్పించింది ఒక్కటే. గంగారాం అనే మనిషి మా రూమ్‌లో లేడు. రేపు ఆ కాటా ఎక్కేది నేను.