మనోరమ అభ్యంతరం

విశ్వవిద్యాలయ పాలక మండలి సమావేశం ఇంకా మొదలు కాలేదు. కొత్త సభ్యురాలు మనోరమ ముందున్న ఫైల్లో మాత్రం అప్పుడే ముగిసిపోయింది.

"సూళగిరి బాలికల హాస్టల్‌కు బోరు వేయకుండా స్వాగత ద్వారం కట్టడంపై సభ్యురాలు మనోరమ అభ్యంతరం తెలిపారు. వైస్ ఛాన్సలర్ వివరణతో సంతృప్తి చెందారు."

హోసూరులో పైపుల దుకాణం నడుపుతున్న మనిషి ఆమె. ఆడపిల్లలు బిందెలతో నీళ్లు ఎందుకు మోయాలని అడగడానికే ఈ పూట దుకాణం మూసి వచ్చింది.

గుమాస్తా మునిరత్నాన్ని దగ్గరికి పిలిచింది. "ఏమప్పా, నేనింకా నోరే తెరవలేదే?"

"పోయిన వారం మీరు లెటర్ రాసినారు కదమ్మా. అందుకే రెడీగా పెట్టినాము."

"అయితే నేను మాట్లాడను. అప్పుడేం చేస్తావు?"

మునిరత్నం అడుగునున్న కాగితం పైకి తీశాడు. "ఏకగ్రీవంగా ఆమోదించారు" అని ఉంది.

"మధ్యలో లేచి బయటికి పోతే?"

"దానికీ ఉందమ్మా. ఒంట్లో బాగలేక మధ్యలోనే పోయినారని. మీకు ముందుండిన గిరిప్రసాద్ సారుకు అదే పెట్టినాము. పేరొకటి మార్చాల, అంతే."

జబ్బు చేసి తప్పుకున్నారని విని, పోయిన నెల మనోరమ దానిమ్మపండ్లు పట్టుకుని ఆ గిరిప్రసాద్‌ను పలకరించడానికి వెళ్లింది. ఆయన నిచ్చెనెక్కి గోడకు సున్నం కొడుతున్నాడు. కిందికి దిగి, పండ్ల సంచీ అందుకుంటూ ఆయనన్న మాట ఆమెకు ఇప్పుడు అర్థమైంది.

"నీకు జబ్బు చేసినప్పుడు నేనూ తెస్తాలేమ్మా."