చిన్న రివాల్వర్

“ఇంతకంటే చిన్నది, ధర తక్కువది లేదా?” అన్నాడు శ్రీరంగం.

జగ్దల్‌పుర్‌లో ఆ తుపాకుల దుకాణం సేఠ్ తూటాలు లేని మరో రివాల్వర్ తీసి ఇచ్చాడు. అది శ్రీరంగం గుప్పిట్లో ఇమిడిపోయింది.

“ఇది మంచిగుంది. జేబుల పెట్టుకుంటే ఎవరికీ కనబడదు.”

“కనబడకపోతే ఎవడు భయపడతడు?” అంది పక్కనే ఉన్న భార్య పరమేశ్వరి. “కనబడితే దానికోసమే ఇంటి మీదికొస్తరు.”

“మరి కోంటా సంతల అందరి ముందట ఆ భీమాగాడు నా చెంప పగలగొడితే ఊకోవాల్నా?”

“వాని చింతపండు తూకంల మోసం చేసినవని కొట్టిండు. కాంటా సరిచేసుకోక తుపాకి కొంటనంటవేంది?”

“నువ్వు గూడ వాని దిక్కే మాట్లాడుతవా!” శ్రీరంగం గిర్రున ఆమె వైపు తిరిగాడు. రివాల్వర్ ఉన్న చెయ్యి పైకి లేచింది.

సేఠ్ గబుక్కున ఆ చేతిని పట్టుకుని కిందికి నొక్కాడు. అప్పుడు గాని శ్రీరంగం చూసుకోలేదు, గొట్టం పరమేశ్వరి గుండెకు గురిపెట్టి ఉందని.

ఆమె కదలలేదు.

“ఇంకా కొననే లేదు,” అంది. “అప్పుడే నా మీదికొచ్చింది.”